నాలుగో నంబరు క్రేను, నాలుగు వందల గ్రాములు

2022 జూన్ 13, సోమవారం, ఉదయం 6 గంటల 50 నిమిషాలకు ఇది మొదలైంది. ఆ నిమిషానికి మా కర్మాగారం ఆరోగ్య కేంద్రంలోని బరువు తూచే యంత్రం మీదికి ఒక క్రేన్ ఆపరేటరు ఎక్కాడు. యంత్రం 110.5 అని చూపించింది. నేను రిజిస్టరులో 108.6 అని రాశాను. ఇనపముక్కు బూట్ల జత 1.9 కిలోలు. ఆ రోజు వరసలో ముప్పై ఒక్క మంది ఉన్నారు కాబట్టి ఎవరినీ బూట్లు విప్పమనలేదు, బూట్ల బరువు తీసేసి రాసుకుంటూ పోయాను.

ఆయన నా భుజం మీదుగా రిజిస్టరులోకి తొంగి చూశాడు.

"జేబులో తాళాలున్నాయి సిస్టరమ్మా."

"ఎన్ని?"

"రెండు."

"రెండు తాళాలు ఎనిమిది కిలోల ఆరు వందల గ్రాములుంటే చెప్పు, అవీ తీసేస్తాను," అన్నాను.

నేను ఆ కేంద్రంలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి 2023 మార్చి 31న రిటైరయ్యాను. మందులు, కట్లు, సూదులు అందరు నర్సుల్లాగే చూశాను. నాకంటూ ప్రత్యేకంగా ఉన్న పేరు ఒక్కటే: నా రిజిస్టరులో అంకె తప్పు ఉండదని. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమో చివర్లో తెలుస్తుంది. ఇప్పుడు ఈ హిందీ ఊళ్లో, అగ్రికో పేటలో, మా వీధి తెలుగు ఆడపిల్లలు ఫోన్లు పట్టుకొచ్చి, "బరువులెత్తితే మెటబాలిజం పెరుగుతుందట, కూర్చున్నా కొవ్వు కరుగుతుందట, నిజమేనా?" అని అడుగుతుంటారు. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పలేను. ఈ క్రేన్ ఆపరేటరు సంగతి చెబుతాను.

ఆయన్ని అందరూ నాలుగో నంబరు అనేవారు, తోలేది నాలుగో నంబరు క్రేను కాబట్టి. షెడ్డు కప్పు కింద, అరవై రెండు ఇనప మెట్లు ఎక్కితే వచ్చే డబ్బాలాంటి క్యాబిన్‌లో 1996 నుంచి ఆయనే. ఆ జూన్‌లో కొత్త నియమం వచ్చింది. పైకెక్కేవాళ్లు నడుముకు కట్టుకునే సేఫ్టీ బెల్టు మీద 100 కిలోలు అని అచ్చేసి ఉంది, కాబట్టి వంద దాటినవాళ్లు ఎత్తు మీదికి ఎక్కకూడదు. తగ్గడానికి పన్నెండు వారాల గడువు. ఆఖరి తూకం సెప్టెంబరు 5, సోమవారం. వంద దాటినవాళ్లు ఆరుగురు తేలారు. అయిదుగురు సంతోషంగా కింది పనులకు వెళ్లిపోయారు. మెట్లెక్కే బాధ తప్పిందని ఒకాయన నాకు స్వీట్ కూడా తెచ్చిపెట్టాడు. నాలుగో నంబరు ఒక్కడే ఒప్పుకోలేదు.

ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. ఆయన సెప్టెంబరు 30న రిటైరవుతున్నాడు. సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ. ఈ ఊళ్లో ఆ ఒక్కరోజూ కార్మికుల భార్యాపిల్లలు షెడ్డులోకి వస్తారు. మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఆపరేటరు పైనుంచి క్రేను కొక్కేన్ని దించి, తన భార్య చేతులకు అందేంత ఎత్తులో ఆపుతాడు. ఆమె దానికి బంతిపూల దండ కట్టి, బొట్టు పెడుతుంది. అతను కొక్కెం పైకెత్తి మూడుసార్లు హారన్ కొడతాడు. ఆ ఏడాది రిటైరయ్యేవాడి క్రేనుదే మొదటి పూజ. మిగతా క్రేన్లన్నీ ఆగి, షెడ్డంతా నిశ్శబ్దంగా నిలబడుతుంది. ఆయన ఇరవై ఆరు పూజలు వరసలో నిలబడి చేశాడు. ఇరవై ఏడోది అందరికన్నా ముందు చేయాల్సినది.

"ఎనిమిది కిలోల ఆరు వందల గ్రాములు. పన్నెండు వారాలు. వారానికి ఏడు వందల పదిహేడు గ్రాములు," అని కాగితం మీద వేసి ఇచ్చాను.

"ఏడొందల గ్రాములా! మా ఇంట్లో పిల్లి తింతాది అంత," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

కర్మాగారం క్లబ్బులో ఒక జిమ్ ఉండేది. అందులో కొత్తగా చేరిన శిక్షకురాలికి ఇరవై ఆరేళ్లు. ఈ ఊళ్లోనే, సీతారాండేరాలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే తరం. జూన్ 15న ఆ పిల్ల క్యాంటీన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చింది. "మజిల్ తో సోతే సోతే భీ ఫ్యాట్ జలాతా హై," అంది. అంటే, కండ నిద్రలో కూడా కొవ్వు కరిగిస్తుందని. ఆ తర్వాత ఇంకో పావుగంట తిండి గురించి మాట్లాడింది. ఆ పావుగంటా నాలుగో నంబరు అక్కడ లేడు. మొదటి మాట వినగానే సంతోషం పట్టలేక సమోసాల వరసలోకి వెళ్లిపోయాడు.

మర్నాడే జిమ్‌లో చేరాడు. చేరిన రోజే గొడవ.

"నేను రోజుకి నాలుగొందల టన్నులు ఎత్తుతాను. అయిదు కిలోల డంబెల్ ఇత్తారేటి నాకు?"

"అంకుల్, వో క్రేన్ ఉఠాతా హై," అంది ఆ పిల్ల. ఎత్తేది క్రేను, నువ్వు కాదు అని.

"మరి క్రేన్ని ఎవులు ఎత్తిత్తారమ్మా?"

పది కిలోలు ఇచ్చింది. పట్టుకున్నాడు గాని ఎత్తలేదు. రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాడు.

"ఉఠాయియే!" అని అరిచింది ఆ పిల్ల, ఎత్తమని.

"సిగ్నల్ ఏదీ?"

ఇరవై ఆరేళ్లుగా ఆయన కింద నిలబడ్డ మనిషి చేత్తో సైగ చేయకుండా దేన్నీ ఎత్తలేదు, దించలేదు. క్రేనువాళ్ల మొదటి పాఠం అది. సైగ లేకుండా బరువు కదిలితే కింద ఎవరో ఒకరు పోతారు. చేతులకు ఆ అలవాటు పోలేదు. చివరికి ఆ పిల్ల ఓటమి ఒప్పుకుని, చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తాలని, కిందికి తిప్పితే దించాలని, పిడికిలి బిగిస్తే ఆగాలని నేర్చుకుంది. వారంలో ఆ జిమ్‌లో అందరూ సైగలకే బరువులెత్తడం మొదలుపెట్టారు. పాట ఆపేస్తే మూగవాళ్ల బడిలా ఉండేది. ఆ ప్రశాంతత నాకు నచ్చింది.

మొదటి మూడు వారాల అంకెలు ఇవి. జూన్ 20న 108.9. జూన్ 27న 109.4. జూలై 4న 109.8.

"కండ పెరిగింది సిస్టరమ్మా. కండ బరువుంతాది," అన్నాడు నాలుగో నంబరు, జబ్బ చూపిస్తూ.

జబ్బ గట్టిగానే ఉంది. టేపు పెట్టి నడుము కొలిచాను. 46 అంగుళాల నుంచి 45½కి వచ్చింది. అది నిజం, రాశాను. కాని బెల్టు మీద అంగుళాల అచ్చు లేదు.

"ఏం తింటున్నావు?" అని అడిగాను.

"ఎప్పుట్లాగే."

వెంట వచ్చిన ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. పలాస వైపు మనిషి, మాట దాచుకోదు.

"ఎప్పుట్లాగేనా? అబద్దమాడితే బరువు తగ్గిపోద్దేటి? జిమ్ముకెళ్లొచ్చీసి ఆరు గుడ్లు, రెండు గలాసుల పాలు తీసుకుంతన్నాడు సిస్టరమ్మా. ఆ మీదన ఎప్పుటి అన్నం ఎప్పుడూలాగే. ఆ మీదన రెండు లడ్డూలు. అదేటయ్యా అంటే, 'నీకేటి తెలుసు, ఇప్పుడు నేను పడుకున్నా కాలతంది' అంతాడు. ఏటి కాలతంది? గ్యాసు కాలతంది, నా పొయ్యి మీద!"

"నువ్వూరుకో, ఇది సైన్సు," అన్నాడు ఆయన.

సైన్సు అన్నాడు కాబట్టి మా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఒక కిలో కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకు సుమారు పదమూడు కేలరీలు ఖర్చు పెడుతుందని, కొవ్వు కూడా కొద్దిగా పెడుతుందని, కండకు కాస్త ఎక్కువని చెప్పారు. నేను వెంటనే కాగితం తీశాను. శనగపిండి, నెయ్యి, చక్కెర పాళ్లు ఆయన భార్యను అడిగి వేస్తే, వాళ్లింటి లడ్డూ ఒక్కటి 180 కేలరీలు తేలింది. 180ని 13తో భాగిస్తే దాదాపు 14.

"చూడు. రోజుకు ఒక్క లడ్డూ నిద్రలో కరగాలంటే నీకు పద్నాలుగు కిలోల కొత్త కండ కావాలి. నువ్వు తినేవి రెండు. ఇరవై ఎనిమిది కిలోలు. అప్పుడు నీ బరువు 137.8. బెల్టే కాదు, మెట్లూ తెగుతాయి."

ఆయన ఆ కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. "పెంచిన కండ ఎంత ఉంతాది ఇప్పటికి?"

"మూడు వారాల్లోనా? అరకిలో ఉంటే గొప్ప," అన్నారు డాక్టరుగారు.

"అంటే లడ్డూలో..."

"ఇరవై అయిదులో ఒక వంతు కూడా లేదు," అన్నాను. "పైన అద్దిన జీడిపప్పు ముక్క."

నేను ఈ లెక్క పట్టుకుని ఆ శిక్షకురాలి మీదికి యుద్ధానికి వెళ్లాను. ఆ పిల్ల ఏమీ జడవలేదు. తిండి తగ్గించమని తనూ చెప్పిందట, అంకుల్ సమోసాల వరసలో ఉన్నాడట. ఇంకో మాట కూడా చెప్పింది. ఒట్టి తిండి మానేసి తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, ఆంటీ. బరువులెత్తుతూ తగ్గితే కండ నిలుస్తుంది. వంద కిలోలకు దిగి మెట్లు ఎక్కలేకపోతే ఏం లాభం?

డాక్టరుగారిని అడిగితే, "ఆ అమ్మాయి చెప్పింది నిజమే," అన్నారు. నాకు కొంచెం కష్టంగా అనిపించింది. అయినా రాసుకున్నాను.

ఆ రోజు నుంచి ఆయన భార్య అన్నానికి ఒక గిన్నె కొలత పెట్టింది. లడ్డూల డబ్బా పక్కింటికి వెళ్లింది. జిమ్ మాత్రం మానలేదు. జూలై 11న 108.7. జూలై 18న 107.2. జూలై 25న 106.0. ఆగస్టు 1న 104.8.

*

ఆగస్టు 1 మధ్యాహ్నం 2 గంటల 15 నిమిషాలకు నాలుగో నంబరు నా గదిలోకి మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"తీసుకోండి సిస్టరమ్మా. అయిపోయింది. వంద!"

"పొద్దున్నే 104.8 కదా?"

ఆయన ముద్ర వేసిన ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. గేటు దగ్గర లారీలు తూచే కాటా చీటీ. బండి నంబరు రాసేచోట 'క్రేన్-4' అని రాసి ఉంది. సరుకు పేరు దగ్గర 'మనిషి' అని ఉంది. బరువు: 100 కిలోలు.

"అరవై టన్నుల లారీలు తూసే కాటా అది. దానికన్నా గొప్పదేటి మీ పళ్లెం?"

"ఆ కాటా పది కిలోల మెట్టుతో చూపిస్తుంది. 104.8 అయినా వందే, 96 అయినా వందే. రేపు ఇంకో అరకిలో తిని వెళ్లు, 110 చూపిస్తుంది."

ఆయన చీటీని వెనక్కి తీసుకున్నాడు. మిఠాయి పొట్లాన్ని కూడా వెనక్కి తీసుకోబోయి ఆగాడు. "మీరైనా తినండి," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి, "షెడ్డులో అందరికీ పంచీశానే," అన్నాడు.

తర్వాత ఆగస్టు 8న 103.9, 15న 103.0, 22న 102.1, 29న 101.2. ఆగస్టు 15 సెలవైనా జెండా ఎగరేశాక తాళం తీయించి తూచాను. ఆ నెలంతా నా బుర్రలో ఆయన అంకెలు తప్ప ఇంకేమీ లేవు. గళ్ల కాగితం మీద గీత గీసి గోడకు అంటించాను. ఆ గీత సెప్టెంబరు 5న వందకు కాస్త పైన తేలేలా ఉంది. నర్సులు, అటెండెంట్లు ఆ గీత మీద చాయ్ పందేలు కాశారు. నేను కాయలేదు. తూచేవాళ్లు పందెం కాయకూడదు.

సెప్టెంబరు 5, ఉదయం 6 గంటల 50 నిమిషాలు. నాలుగో నంబరు వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. మీసం లేదు.

"పెళ్లికి పెంచిన మీసం సిస్టరమ్మా. ఎంతోకొంత తూగుద్ది కదా," అని ఒక కాగితం పొట్లం చూపించాడు. గొరిగిన మీసం అందులో పెట్టుకొచ్చాడు. మందులు తూచే చిన్న త్రాసులో వేశాను. ఒక గ్రాము.

తెర వెనక్కి వెళ్లి ఉంగరం, తాయెత్తు, బనీను తీసేసి చెడ్డీతో వచ్చాడు. పిల్ల శిక్షకురాలు గుమ్మం బయట నిలబడి ఉంది. సేఫ్టీ ఆఫీసరు నా పక్కన ఉన్నాడు. యంత్రం ఎక్కి ఊపిరి పూర్తిగా వదిలేశాడు. 100.4.

దిగి మళ్లీ ఎక్కాడు. 100.4.

ఒంటికాలి మీద నిలబడ్డాడు. 100.4.

"నిన్న వేరే కాటా మీద తూయించాను," అని చొక్కా జేబులోంచి ఒక పెన్సిల్ చీటీ తీశాడు. ఊళ్లోని జుగ్సలాయి బజారులో ఒక బంగాళాదుంపల గోదాములో తూయించుకున్నాడట. 99.800 అని ఉంది.

నేను నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. "బంగాళాదుంపల వ్యాపారి కాటానా? దాన్ని తెచ్చి నా యంత్రం పక్కన పెడతావా?"

సేఫ్టీ ఆఫీసరు మంచివాడే. గొంతు తగ్గించి, "సౌ లిఖ్ దీజియే నా, సిస్టర్. పచ్చీస్ దిన్ కీ బాత్ హై," అన్నాడు. వంద అని రాసేయండి, ఇరవై అయిదు రోజుల సంగతే కదా అని.

"రేపు ఆ బెల్టు తెగితే నాలుగు వందల గ్రాముల్ని ఎవరు పట్టుకుంటారు?" అన్నాను. 100.4 అని రాశాను. సంతకం పెట్టాను. సమయం కూడా వేశాను.

నాలుగో నంబరు బనీను తొడుక్కుని, తాయెత్తు కట్టుకుని, మీసం పొట్లం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి కింద సిగ్నల్ ఇచ్చే పనిలో వేశారు.

*

సెప్టెంబరు 17, శనివారం, పూజ. నేను షెడ్డు పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాలుగో నంబరు క్రేను క్యాబిన్‌లో ముప్పై ఏళ్ల కొత్త ఆపరేటరు కూర్చున్నాడు. కింద దండ పట్టుకుని మా నాలుగో నంబరు భార్య. ఆమెకు మూడడుగుల దూరంలో నీలం చొక్కాలో ఆయన. మిగతా క్రేన్లు ఆగాయి. ఆయన చూపుడువేలు కిందికి పెట్టి తిప్పాడు. కొక్కెం దిగింది. పిడికిలి బిగించాడు. సరిగ్గా ఆమె చేతుల ముందు ఆగింది. ఆమె దండ కట్టింది. ఆయన వేలు పైకి తిప్పాడు. పైన మూడుసార్లు హారన్ మోగింది, వేరేవాడి చేత్తో.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని చెమట అన్నాడు. బయట వాన, లోపల చల్లగా ఉంది.

ఆయన భార్యే నా దగ్గరికి వచ్చి ప్రసాదం పెట్టింది. "ఇన్నేళ్లూ పూజ రోజున పైన డబ్బాలో ఈయన మోకాళ్లే కనిపించీవి సిస్టరమ్మా. ఈ ఏడు మొఖం కనిపించింది. మీసమే లేదు గానీ," అంది.

పూజ రోజున మా అటెండెంటు కూడా ఆనవాయితీ ప్రకారం ఆరోగ్య కేంద్రంలోని ప్రతి పరికరానికీ బొట్టు పెట్టాడు. బరువు యంత్రానికి ధారాళంగా పెట్టాడు. మేము చర్చికి వెళ్లేవాళ్లమని తెలిసి ప్రతి ఏడూ నన్ను చూసి మొహమాటపడి, అయినా పెట్టేవాడు. సెప్టెంబరు 19, సోమవారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలకు తడిగుడ్డతో ఆ కుంకుమ తుడుస్తున్నాను. కుంకుమ కింద తనిఖీ స్టిక్కరు ఉంది. ఏటా యంత్రాన్ని ప్రమాణపు బరువులతో సరిచూసి అతికించేది. 'ఆగస్టు 31 వరకు' అని ఉంది.

ఏటా ఆగస్టు మొదటి వారంలో తనిఖీకి కాగితం పంపేది నేనే. ముప్పై నాలుగేళ్లలో మానలేదు. ఆ ఆగస్టులో మానాను. ఆ ఆగస్టులో నేను గోడ మీద గీత గీస్తున్నాను.

సెప్టెంబరు 22, గురువారం, 11 గంటల 20 నిమిషాలకు తనిఖీ మనిషి వచ్చాడు. ఇరవై కిలోల తూకపు గుండ్లు అయిదు పేర్చాడు. యంత్రం 100.6 చూపించింది. తీసి మళ్లీ పేర్పించాను. 100.6. 100.4 లోంచి 0.6 తీసేస్తే ఎంతో మీరే చూసుకోండి. ఆ అంకె పెన్సిల్‌తో రాసి ఉన్న చీటీని చూసి నేను నవ్వాను.

ఎప్పటినుంచి తప్పు చూపిస్తోందో తనిఖీ మనిషి చెప్పలేకపోయాడు. సేఫ్టీ ఆఫీసరుకు కాగితం రాసి, 12 గంటలకు నేనే షెడ్డుకు వెళ్లాను. నాలుగో నంబరు మధ్యాహ్నపు డబ్బా విప్పుకుంటున్నాడు. గిన్నె కొలత అన్నం. జరిగింది చెప్పాను. కారణం కూడా చెప్పాను, స్టిక్కరు సంగతితో సహా.

ఆయన ముద్ద పట్టుకునే, ఎడమచేతి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. తర్వాత నవ్వు మొదలైంది.

"అయితే జుగ్సలాయి బంగాళాదుంపల కాటా నిజం చెప్పీసిందన్నమాట! ఆ సేఠుకి తెలీనియ్యకండి సిస్టరమ్మా, రేపట్నుంచి రేటు పెంచీగలడు."

"పూజ పోయింది," అన్నాను.

"పూజకేటి సిస్టరమ్మా, ఏటేటా వత్తాది," అన్నాడు.

ఆయనకు రాదు. ఇద్దరికీ తెలుసు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, నేను తిరిగి వచ్చేశాను.

నా కాగితం చూసి సేఫ్టీ ఆఫీసరు అనుమతి ఇచ్చాక, సెప్టెంబరు 24 నుంచి 30 దాకా, ఆదివారం పోను ఆరు రోజులు, ఆయన మళ్లీ పైకి ఎక్కాడు. ఆఖరి రోజున నేను గడియారం పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాను. జూన్‌లో జిమ్ శిక్షకురాలు లెక్కపెట్టినప్పుడు అరవై రెండు మెట్లకు మధ్యలో రెండుసార్లు ఆగి 4 నిమిషాల 10 సెకన్లు తీసుకున్నాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. 1 నిమిషం 50 సెకన్లు. అందులో గిన్నె కొలత అన్నం వంతు ఉంది, బరువులెత్తిన వంతూ ఉంది. విడదీసి చెప్పే యంత్రం నా దగ్గర లేదు. శిక్షకురాలు మెట్ల కింద నిలబడి, చూపుడువేలు పైకెత్తి, ఆయన పైకి చేరేదాకా తిప్పుతూనే ఉంది.

పిల్లలూ, ఇక పోయినవాటి జాబితా.

ఆయనవి: బరువు, నా రిజిస్టరు ప్రకారం, 8.2 కిలోలు. నడుము 4 అంగుళాలు. మీసం 1 గ్రాము, తిరిగి పెరిగింది గాని తెల్లగా పెరిగింది. క్యాబిన్‌లో పని రోజులు 16. విశ్వకర్మ పూజ 1.

నావి: తప్పు తూచదన్న పేరు 1.